ఎర్ర గొడుగు

గొడుగు పట్టుకున్న ఆమె తడిగుడ్డకు అంటుకుని వచ్చేసింది.

రవిచంద్ర చెయ్యి ఆగిపోయింది. తెల్లదొరల నాడు ఎవరో దొర గీసిన బెంగుళూరు పార్కు బొమ్మ అది. టోపీల దొరలు, పొడుగు గౌన్ల దొరసానులు సాయంత్రం షికారు తిరుగుతున్నారు. అందరూ వెలిసిపోయినా, దారి చివర చీర కట్టుకుని ఎర్ర గొడుగు పట్టుకున్న ఆమె ఒక్కతే నిన్న గీసినట్టుండేది. ఇప్పుడక్కడ ఎర్రటి మరక.

నీళ్ల రంగులని బొమ్మ తెచ్చిచ్చిన శకుంతలమ్మ చెప్పలేదు గదా అని మనసు సర్దిచెప్పింది. నువ్వు అడిగినావా అని అదే మనసు నిలదీసింది. చిత్తూరులో దేవుడి పటాలకు ఫ్రేములు కట్టే చెయ్యి. ముందు తడిగుడ్డ పెట్టనిదే దానికి తోచదు. మొన్న శకుంతలమ్మ అంగట్లో కూర్చుని, అతను అలిమేలుమంగ పటం తుడవడం చాలాసేపు చూసింది.

"అన్ని పటాలూ ఇట్లనే తుడుస్తావా నాయనా?"

"తుడవకుండా అద్దం ఎయ్యనమ్మా."

"మా ఆయన రోజూ ఈ బొమ్మ ముందరే కూసోని కాఫీ తాగేవాడు. దీని మింద నా చెయ్యి పడకూడదని పోతా పోతా ఒట్టు ఏయించుకున్నాడు. చెదలు పట్టిన ఫ్రేము మార్చు" అని ఇచ్చి వెళ్లింది.

ఆ ఒట్టు గుర్తొచ్చి రవిచంద్రకు అన్నం దిగలేదు. మరక మీద ఒక చెట్టు గీశాడు.

సాయంత్రం ఆమె వచ్చింది.

"ఈ చెట్టు ముందు లేదే?"

"ఉండిందమ్మా. దుమ్ములో కనపడలేదేమో."

ఆమె కళ్లజోడు తీసి కళ్లొత్తుకుంది. ఇక అతని వల్ల కాలేదు.

"చెప్పు తీసుకోని కొట్టండమ్మా. తడిగుడ్డ పెట్టినాను. ఆ గొడుగామె పోయింది. మరక కనపడకుండా చెట్టు గీసినాను."

శకుంతలమ్మ బొమ్మ వైపు చెయ్యి చాచి, మళ్లీ వెనక్కి తీసుకుంది.

"పూర్తిగా పోయిందా? మొగం గూడా?"

"మొగం గూడానమ్మా."

"ఆ యమ్మను దొర గీయలేదబ్బా. మా ఆయన గీసుకున్నాడు, మా పెండ్లయినాక."

రవిచంద్ర తల ఇంకా కిందికి వాలిపోయింది. ఆమె గొంతు తగ్గించింది.

"తడిగుడ్డ పెడతావనే నీకిచ్చినాను."