డబ్బా గొంతు

పానగల్ చేన్లలో రాత్రిపూట మంద కాపలాకు వచ్చిన నిరోష, ల్యాప్‌టాప్ ఒళ్లో పెట్టుకుని పెద్దగట్టు జాతరకు డీజే పాట కడుతోంది. దరువు కుదిరింది. నడుమ నడుమ "తిర్రీ... తిర్రీ..." అంటూ గొర్రెలను పిలిచే వాళ్ల అవ్వ గుర్వమ్మ గొంతు పడాలి. అవ్వ పోయి ఆర్నెల్లయింది. ఆమె బతికుండగా ఫోన్లో పట్టిన పిలుపు అది.

స్పీకర్లో ఎన్నిసార్లు వేసినా ఒక్క గొర్రె తలెత్తలేదు.

"మనిషి గొంతేదో, డబ్బా గొంతేదో గొర్రెకు ఎర్కనే బిడ్డా," అనేది అవ్వ. నిజమే అనుకుని, పాటలోంచి ఆ పిలుపును తీసేసి, దరువు ఒక్కటే వేసింది.

పిలుపు ఆగలేదు.

తుమ్మల చీకట్లోంచి వస్తోంది, సరిగ్గా దరువు మీద అడుగేస్తూ. పడుకున్న మందంతా ఒక్కసారే లేచింది. మెడగంటలు గలగలమంటుండగా గొర్రెలన్నీ అటువైపు తడికె దగ్గరికి చేరాయి.

నిరోషకు ఒళ్లు జల్లుమంది. పాట ఆపబోయింది.

"ఆపకు బిడ్డా. జర సప్పుడు పెంచు."

భయం ఎటు పోయిందో, నిరోషకు నవ్వొచ్చింది. సప్పుడు పెంచి, రికార్డింగ్ మైకును చీకటి వైపు తిప్పింది.