ఆయన పేరునే రాసుకో

విడాకులప్పుడు ఇంటిచాకిరీ ఎవరు చేశారో చూసి మొగుడి పెన్షన్ పంచుతున్న రోజులవి. పని ముగియగానే వంటింటి గోడలోని యంత్రమే అడిగేది, "ఎవరు చేశారు?" అని; చెప్పిన జవాబును రికార్డు చేసుకునేది.

కోర్టులో వకుళ ఆ రికార్డు వింటోంది. ముప్పై ఏళ్ల పొడుగునా తన గొంతే: "ఆయన పేరునే రాసుకో." మొగుడు నలుగురిలో చులకన కాకూడదని చెప్పిన మాట.

"వంటంతా నేనేనండీ. పెన్షన్‌లో ఆమెకు చిల్లిగవ్వ ఇవ్వక్కర్లేదు," అన్నాడు ఆమె భర్త పరాంకుశం తొణక్కుండా.

జడ్జిగారు కళ్లజోడు తీశారు. "అయితే మీ ఇంట్లో చింతపండు ఎక్కడుంటుంది?"

అతను ముప్పై ఏళ్ల అలవాటు చొప్పున వకుళ వైపు తిరిగాడు.

"ఏమే, ఎక్కడ పెట్టావ్?"