వెడల్పు గొంతు

గాలిలో చోటు చాలక రేడియో చానళ్లను సన్నగా చీల్చి వీధికొకటి పంచిన రోజులవి. పాలరేవులో సుభద్రమ్మ తన వీధి చానల్ మీద అమ్మవారి సహస్రనామం చదువుతుంటే, ఆడవాళ్లంతా ఎవరి ఇంట్లో వాళ్లు తమ తమ సెట్ల ముందు కూర్చుని, వాటిలోనే గొంతు కలిపి అందుకునేవారు. ఆ సాయంత్రం నామాల మధ్యలోకి గరగరమంటూ ఒక మగగొంతు చొరబడింది. వెంటనే, అందరి మాటలనూ అందుకుని దూరానికి పంపే కొండ మీది రిపీటర్ నుంచి, చానళ్ల పంపకం చూసే నూకరత్నం పిలిచింది.

“పిన్నిగారూ, పారాయణ ఆపండి! మంచులో మా తమ్ముడు పోలయ్య పడవ దారి తప్పింది. ఆడిది పాత సెట్టు, గొంతు మూడు చానళ్ల మీదికి పొర్లుతాది. పక్క చానళ్లోళ్లు ఆపేశారు. మీరు మాటాడతంటే ఆడి మాట నాకు తెగిపోతంది.”

“దీక్షకి ఇదే ఆఖరి రోజు తల్లీ. మధ్యలో ఆపకూడదంటారు.”

“రాళ్ల మీదికి పోతన్నాడండీ!”

“సెట్టు మార్చుకోమంటే విన్నాడా?” అని ఎదురింటి వర్ధని సాగదీసింది.

“నువ్వు నోరు ముయ్యవే,” అంది సుభద్రమ్మ. వీధంతా మూగబోయింది.

“అక్కా, కుడేపు రాళ్ల మీద అలల సప్పుడు! ఎటు?” అంది గరగరల్లోంచి పోలయ్య గొంతు.

“ఎడంకి తిప్పరా! ఇంకా, ఇంకా!”

తర్వాత ఏమీ వినిపించలేదు. సుభద్రమ్మ పెదవులు నామం అందుకోబోయి ఆగాయి. అమ్మవారికి ఇప్పుడు ఎవరి గొంతు వినపడాలి?

“దీపస్తంభం కనపడిందక్కా!”

నూకరత్నం ముక్కు ఎగబీల్చింది. “ఇంక చదూకోండి పిన్నిగారూ.”

“మంచు విడలేదు కదమ్మా. పాత సెట్లవాళ్లు ఇంకా ఎవరైనా ఉన్నారేమో,” అని సుభద్రమ్మ పుస్తకం మూసి, చెవి యొగ్గి కూర్చుంది.