గడ్డ ఎక్కడ కట్టింది?

“రక్తంలో గడ్డ కడుతోందని చెప్పే అంకె రాత్రికి రాత్రే రెట్టింపయిందమ్మా,” అన్నాడు డాక్టరు.

“పల్చబడే మందు ఇస్తున్నా వినలేదా? ఆయన రక్తం కదండీ, మొండిది,” అంది రోగి భార్య.

నర్సు టార్చి వెలుగు మంచం దాటి, ఆయన రక్తాన్ని తనలోంచి తిప్పుతూ ఊపిరితిత్తుల పని చేస్తున్న మిషన్ మీద పడింది. లోపల నల్లటి మచ్చలు.

“గడ్డలు దీంట్లోనమ్మా. మార్చేస్తాం,” అన్నాడు డాక్టరు.

“మార్చేంతసేపూ?”

“ఆయన ఊపిరే ఆధారం. ఈమధ్య కొంచెం కొంచెం సొంతంగా పీలుస్తున్నారుగా, చూడలేదా?”

చూడలేదు. వచ్చిన దగ్గర్నుంచీ కుర్చీ మిషన్ వైపే వేసుకుని, “నువ్వే దిక్కు” అని దానికే దండాలు పెడుతోంది.

లేచి, కుర్చీని భర్త వైపు తిప్పుకుంది.

“ఏమండీ, అది చేతులెత్తేసింది. ఇక మీరే దిక్కు.”