ఈసారి చప్పట్లతో కాదు

“గొంతు దించకు. చెవులు రిక్కించుకుని వినడానికి వెనక వరసవాడు నీ మొగుడు కాడు.”

అత్తగారి మాటకి నర్సమ్మ నవ్వాపుకోలేక ఉపన్యాసం మధ్యలోనే ఆపేసింది. పక్క గదిలో రిపేరుకొచ్చిన చేతి గడియారం విప్పుకుని కూర్చున్న ఆమె భర్త, “ఆ మొగుడికి ఇప్పటికే అంతా కంఠతా వచ్చేసింది,” అన్నాడు.

“నవ్వులు తర్వాత. మళ్ళీ మొదట్నించీ చెప్పు,” అంది అత్తగారు.

ప్రభుత్వాసుపత్రిలో పిల్లల వార్డు చూస్తుంది కాబట్టి అందరికీ ఆమె నర్సమ్మే. పార్టీలో చేర్పించింది అత్తగారు. ఆ పార్టీలో అధ్యక్ష పదవికి ఎన్నడూ పోటీ జరగలేదు. ఒకరు లేచి పేరు చెప్పడం, మిగిలినవాళ్ళు చప్పట్లు కొట్టడం, అంతే. ఇప్పుడున్న అధ్యక్షురాలూ అలా వచ్చినావిడే. పార్టీని ఇటుక మీద ఇటుక పేర్చి నిలబెట్టిందని గిట్టనివాళ్ళు కూడా ఒప్పుకుంటారు. అలాంటి మనిషి ఈ ఏడు అధికార పార్టీతో పొత్తుకి సిద్ధపడింది. రెండు మంత్రి పదవులిస్తారట. బదులుగా, ప్రభుత్వాసుపత్రులు కంపెనీల చేతిలోకి పోతుంటే నోరెత్తకూడదట.

ఆ సంగతి తెలిసిన రోజే నర్సమ్మ ఓ నిర్ణయానికొచ్చింది.

“అధ్యక్ష పదవికి నిలబడదామనుకుంటున్నా అత్తయ్యా.” మొగుడికంటే ముందు ఆ మాట అత్తగారికే చెప్పింది.

అత్తగారు ఆమెని ఎగాదిగా చూసింది. “నిలబడు. ఎవరో కూర్చోమంటే కూర్చునేదానివైతే మాత్రం ఇప్పుడే కూర్చో.”

“మీకు కోపం లేదూ?”

“ఎందుకు లేదు? పొత్తు మంచిదనే నా నమ్మకం. నా ఓటు నీకు పడదు. కానీ పోటీ అన్నాక పోటీలా ఉండాలి. నువ్వు తడబడితే అది పోటీ కాదు, తమాషా.”

అలా మొదలైంది శిక్షణ. ఎక్కడ ఆగాలో, ఎవరి కళ్ళలోకి చూడాలో, చేతులు ఎక్కడ పెట్టుకోవాలో అన్నీ ఆవిడే నేర్పింది.

“ఒక్కటి చెప్పండి. ఆ రోజు సభలో నన్నేం అడుగుతారు?” అంది నర్సమ్మ ఓసారి ఆశగా.

“అది మాత్రం చెప్పను. తొండి.”

“మీ పార్టీలో ఓటు లేకపోవడం నా పూర్వజన్మ సుకృతం,” అన్నాడు పక్క గదిలోంచి భర్త.

నర్సమ్మ డ్యూటీ దిగి, ఓటున్న పార్టీ సభ్యుల కోసం ఊరంతా తిరిగేది. ఏ గుమ్మం ఎక్కినా అధ్యక్షురాలు నిన్ననే వచ్చి వెళ్ళిందనేవారు. బస్సు డిపోలో ఓ డ్రైవరు మొహం మీదే అడిగేశాడు.

“మీరూ ఆవిడా ఒక గూటి పక్షులేగా. ఎన్నికలయ్యాక మీరూ మీరూ ఒకటి. మధ్యలో మేం వెర్రివాళ్ళమవ్వాలా?”

“గూడు ఒకటే అన్నా. ఎగిరే దిక్కు వేరు. ఏ దిక్కో నువ్వు తేల్చు.”

డ్రైవరు బుర్ర గోక్కుని, తాగుతున్న టీలో సగం ఆమెకి పోశాడు.

ఇంటికొచ్చేసరికి అత్తగారు కూడా అప్పుడే వచ్చి, వాచిన కాళ్ళు చాపుకుని కూర్చునుండేది. ఆ తిరుగుడు అవతలి పక్షం కోసమని నర్సమ్మకి తెలుసు. ఆ కాళ్ళకి నూనె రాస్తూనే, రేపు ఎవరి గుమ్మం ఎక్కాలా అని లెక్కలేసుకునేది.

ఎన్నిక రోజు పొద్దున్న భర్త రెండు భోజనం డబ్బాలు కట్టాడు. అత్తగారు తన డబ్బా తీసుకుని ముందే బయల్దేరింది. గుమ్మం దగ్గర ఒక్క క్షణం ఆగి, “గొంతు,” అని మాత్రం అంది.

హాలు కిక్కిరిసిపోయింది. అధ్యక్షురాలు ముందు మాట్లాడింది. కాగితం లేదు, తడుముకోవడం లేదు. చివర్న నర్సమ్మ వైపు తిరిగింది.

“ఒక్క మాటకి బదులివ్వండి నర్సమ్మగారూ. బయట నిలబడి ఎంత అరిచినా తలుపులు తెరుచుకోవు. లోపలికి వెళ్ళే దారి దొరికితే వద్దంటున్నారు. రేపు మీ ఆసుపత్రిని ఎవరు కాపాడతారు?”

హాలంతా గుసగుసలు. ఈ ప్రశ్న తగులుతుందని నర్సమ్మ అనుకోలేదు. మైకు ముందుకెళ్ళి నిలబడింది. వెనక వరస వైపు చూసింది. డ్రైవరు అక్కడే ఉన్నాడు.

“లోపలికి వెళ్ళడానికి నాకేం అభ్యంతరం లేదండీ. చెప్పులు గుమ్మం దగ్గర వదలమంటే వదులుతాను. అధికార పార్టీవాళ్ళు నోరు వదిలి రమ్మంటున్నారు. నోరు బయట పెట్టి లోపలికెళ్ళి, నా వార్డులో పిల్లల కోసం ఏం పెట్టి అడగను?”

వెనక వరసలోంచి ఈల వినపడింది. తర్వాత హాలు హోరెత్తింది.

సాయంత్రానికి లెక్క తేలింది. నర్సమ్మ అరవై ఓట్ల ఆధిక్యంతో గెలిచింది. ఆసుపత్రి ఆయాలు ఆమెని అమాంతం ఎత్తేశారు. “దింపండే, పడతాను,” అంటూనే ఏడ్చేసింది, నవ్వేసింది.

పాత అధ్యక్షురాలు మైకు అందుకుంది. హాలు సద్దుమణిగింది.

“నన్ను మీరు ఎన్నిసార్లు ఎన్నుకున్నా చప్పట్లతోనే ఎన్నుకున్నారు. ఎంతమందికి నిజంగా ఇష్టమో నాకెప్పుడూ తెలియలేదు. ఈవిడకి ఇవాళ తెలిసింది. ఈ పార్టీకి ఇంతకంటే పెద్ద గెలుపు నేను చూడలేదు. పొత్తు సంగతంటారా, నా అభిప్రాయం మారలేదు. రేపట్నించి అది అవతలి కుర్చీలోంచి చెప్తాను.”

జనం లేచి నిలబడ్డారు. డ్రైవరు కళ్ళు తుడుచుకుంటూ తనకి చెమట పట్టిందని పక్కవాడితో అన్నాడు.

హాలు ఖాళీ అయ్యాక కొత్త అధ్యక్షురాలు వేదిక దగ్గరికొచ్చి, మెట్లు దిగడానికి అవస్థపడుతున్న పాత అధ్యక్షురాలికి చెయ్యందించింది.

“ఇంటికి పదండి, అత్తయ్యా.”