మూడో దొప్ప

విత్తనాల పండుగ నాడు గూడెంలోకి కారు రావడం చూసి ముత్యాలు మొహం ముడుచుకున్నాడు.

టేకులపల్లి అవతల, అడవి అంచున ఉన్న ఆ కోయగూడేనికి అతనే పెద్ద. కార్లలో దిగే తెల్లబట్టల వాళ్లంటే అతనికి గిట్టదు. అలాంటి వాళ్ల తీపిమాటలు నమ్మి నిరుడు ఇద్దరు చేలు పోగొట్టుకున్నారు.

అప్పుడతను మోదుగాకు దొప్పల్లో జొన్నలు నింపుతున్నాడు. మొదటి దొప్ప భూమికి. రెండోది పెద్దలకు. మూడోది ఎవరికో అతనికే తెలియదు. అడిగితే "మనింటి మనిషికి" అనేది తల్లి జంపక్క. ఎవరో పోయిన మేనమామ కాబోలనుకుని ఏటా నింపుతున్నాడు.

ఈసారి పండుగకు ఆమె లేదు. కంటి ఆపరేషన్ కోసం బోనకల్‌లో కూతురింటికి వెళ్లింది.

దొప్పల్లోవి బజారు జొన్నలు. ఒకప్పుడు ఆ గూడేనికి సొంత ఎర్రజొన్న ఉండేదట. ముత్యాలుకు ఊహ తెలియని రోజుల్లో కరువొచ్చి, విత్తనం కూడా వండుకు తిన్నారట. కొన్న గింజకు మొక్కాల్సి వచ్చినప్పుడల్లా అతనికి తల కొట్టేసినట్టుండేది.

కారు దిగిన ముసలాయన వాగు పక్క చేను వైపు చాలాసేపు చూశాడు. అది ఇప్పుడెవరిదని అడిగాడు.

"ఎవరిదైతేంది? అమ్మేది లేదు" అన్నాడు ముత్యాలు.

ఆయన నవ్వి అరుగు దగ్గరికి నడిచాడు. అక్కడ ముత్యాలు భార్య కళావతి, అంగన్‌వాడీ పిల్లల చేత జొన్నగింజలు పేర్పించి 'అ' రాయిస్తోంది. అత్త నేర్పిన పద్ధతి అది. ఆయన వంగి, చెదిరిన గింజొకదాన్ని వరసలో పెట్టాడు.

"సంస్కృతంలో అక్షతమంటే విరగనిది, అక్షరమంటే నశించనిది. విరిగిన గింజ మొలవదమ్మా. ఇంకొకరిలో మొలవని చదువూ అంతే. రెండూ దాచుకుంటే పురుగు పడతాయి, చేతులు మారితేనే బతుకుతాయి."

కళావతికి ఆ మాట ఎంతో నచ్చింది. ముత్యాలుకు మాత్రం అది బేరానికి ముందు చెప్పే కబురులా తోచింది.

ఆయన సంచిలోంచి చిన్న మూట తీశాడు.

"బాబూ, ఇది మీ గింజే. నేను కాపాడానంతే. ఇక నాకు విత్తే ఓపిక లేదు."

"మా పండుగల బయటి గింజ కలవదయ్యా. గిట్లాంటి మాటలు శానా విన్నం. మీరు పోండ్రి."

ఆయన మూట అరుగు మీద పెట్టి కారెక్కాడు. మంచినీళ్ల కోసం లోపలికి వెళ్లిన కళావతి చెంబుతో వచ్చేసరికి దారిలో దుమ్మే మిగిలింది.

ముత్యాలు ఆ మూట విప్పి కోళ్లకు చల్లేశాడు.

ఒకదాని తర్వాత ఒకటి రెండు కళ్లకూ ఆపరేషన్ అయి, దసరా దాటాక జంపక్క ఇంటికొచ్చింది. కొత్త చూపుతో పెరడంతా కలియజూస్తూ కంచె మూల ఆగిపోయింది. కోళ్ల కంటపడని గింజలు అక్కడ మొలిచి, నిలువెత్తు పెరిగి, ఎర్రటి కంకులు వేశాయి.

ఆమె ఒక కంకి నలిపి గింజ నోట్లో వేసుకుంది. ముడతల మొహం వెలిగిపోయింది.

"మన ఎర్రజొన్న. మన గింజ చావలే బిడ్డా!"

ముత్యాలు ఛాతీ పొంగింది. వచ్చే పండుగకు గూడెమంతా సొంత గింజకే మొక్కుతుంది. అతనికి కేక వేసి అందర్నీ పిలవాలనిపించింది.

ఎక్కడిదని అడిగింది జంపక్క. కళావతి మొగుడి మాటలు మింగేసి, ముసలాయన వచ్చిన సంగతి, మూట సంగతి చెప్పింది. అక్షరమంటే ఏమిటో ఆయన చెప్పాడని మొదలుపెట్టగానే జంపక్క అందుకుంది.

"నశించనిది. చేతులు మారితేనే బతుకుతది."

"నీకెట్ల తెలుసు అత్తా?"

జంపక్క వాగు వైపు గర్వంగా చేయి చూపింది. ముత్యాలు పొత్తిళ్లలో ఉన్నప్పుడు ఆ చేలోనే పాక వేసుకుని, గింజలు పేర్పించి గూడేనికి చదువు నేర్పాడట ఒక పంతులు. ఎవరేమిచ్చినా ముట్టేవాడు కాదట. బదిలీ అయి పోయేనాడు మాత్రం, ముత్యాలు తండ్రి కట్టిచ్చిన ఎర్రజొన్న మూటను కళ్లకద్దుకుని తీసుకున్నాడట.

"మళ్లా వస్తనన్నడు, వచ్చిండు" అంటూ ఆమె కొడుకు వైపు తిరిగింది. "మూడో దొప్ప ఏటా ఆయన కోసమే గద బిడ్డా, చేతికిచ్చినవా?"