ఇవాళే నేర్పాలి

“ఒక్క పాట నేర్పండి టీచరుగారూ. ఇవాళే!”

సంగీతం టీచరు హార్మోనియం మీంచి చేతులు తీసింది. గుమ్మంలో బస్సు డ్రైవరు ఆయాసపడుతూ నిలబడి ఉన్నాడు. ఆవిడ ఇంటి ముందే స్టాపు. సరిగ్గా పాఠం మొదలయ్యే వేళకి చెవులు చిల్లులు పడేలా హారన్ కొట్టే మనిషి!

“నీకు పాటా? ఎవరికి వినిపిద్దామని?”

“ఒక అమ్మాయికండీ.” అంత లావు మనిషి సిగ్గుతో మెలికలు తిరిగిపోయాడు.

“పెళ్ళయిందన్నారే నీకు! మీ ఆవిడకి తెలుసా?”

“తనే పాడమందండీ.”

టీచరు అతన్ని ఎగాదిగా చూసింది. “సరే, ఆ అమ్మాయికి నువ్వంటే ఇష్టమేనా?”

“ఇంకా నన్ను చూడనే లేదు. నేనే చూశాను. చూసిన దగ్గర్నుంచీ కంటిమీద కునుకు లేదు.”

“చూడకుండానే నీ పాట వింటుందా?”

“నా గొంతు ఎరుగునండీ. ఇన్నాళ్ళూ నా అరుపులే వింది పాపం. ఇవాళైనా మెత్తగా వినిపించాలి. వింటే ఉండిపోతుందని ఆశ.”

“లేకపోతే?”

అతని మొహం పాలిపోయింది. “వెళ్ళిపోతుందేమోనని భయం.”

ఇది తప్పో ఒప్పో ఆవిడకి అంతుపట్టలేదు గాని, ఆ కళ్ళల్లో తడి చూశాక కాదనలేకపోయింది. వాన వెలిసిన పొద్దు మీద తను కట్టిన చిన్న పాట ఎత్తుకుంది. డ్రైవరు అందుకోగానే కిటికీ మీది పావురాలు ఎగిరిపోయాయి.

“హారన్ కాదయ్యా, ఊపిరితో పాడు!”

పాడాడు. తప్పాడు. మళ్ళీ పాడాడు. ఉన్నట్టుండి స్వరం కుదిరింది.

“వచ్చేసింది! వచ్చేసిందండీ!” అంటూ మెట్ల మీంచి ఒక్క ఉదుటున దూకాడు.

దారంతా పాడుకుంటూ పరిగెత్తాడు. గ్యారేజీలో సుత్తి దెబ్బ, రేకుల మీద చినుకుల టపటప, మేడ మీద ఎవరిదో నవ్వు. రోజూ తను బస్సు నడిపే వీధే! ఇన్నాళ్ళూ ఇదంతా ఎక్కడ దాక్కుంది? బతకడం ఇంత బాగుంటుందా?

మూడో అంతస్తులో తలుపు దగ్గర ఒకావిడ ఆపింది. “చేతులు శుభ్రంగా కడుక్కుని రండి. కాసేపే సుమా.”

లోపలికెళ్ళి, వంగి పాట ఎత్తుకున్నాడు. మొదటి వరుస వణికింది. రెండోది నిలబడింది.

ఆవిడ గబగబా దగ్గరికొచ్చింది. “ఆపకండి! పాడండి, పాడండి!”

గాజుపెట్టెలో, కిలో బరువైనా లేని అతని కూతురు కళ్ళు తెరిచింది.